ముందు చెవి, తర్వాత టార్చి

తిరుపతి, చిత్తూరు వైపు కప్పల్ని చూడాలనుకునేవారికి ఏడాదిలో రెండు అదనులు దొరుకుతాయి. ఎండాకాలం చివర ఉరుములతో దిగే మొదటి గట్టివాన ఒకటి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వచ్చి కుంటలు నిండే రోజులు రెండోది. మిగతా సీమకన్నా మనకు ఈశాన్యం తడి ఎక్కువ. అందుకే దీపావళి ముందూ వెనకా చంద్రగిరి నుంచి పేరూరు దాకా, రాయలచెరువు వెనక కయ్యల్లో, పలమనేరు వంకల పక్కన రాత్రిపూట చెవులు గింగురుమంటాయి. ఆ గోలలో ఏ గొంతు ఎవరిదో పట్టుకోవడం నాకు చాలా ఇష్టమైన పని. దానికి కావలసింది ఖరీదైన కెమెరా కాదు, కాసేపు చీకట్లో కదలకుండా నిలబడే ఓపిక.

నా తరంలో బైపీసీ చదివినవాళ్లకు కప్పతో పరిచయం ల్యాబులో జరిగింది. మైనం పోసిన ట్రే, నాలుగు కాళ్లకు నాలుగు గుండుసూదులు, క్లోరోఫాం వాసన. దాని గుండెకు మూడు గదులుంటాయని రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకున్నాం. అది ఎలా అరుస్తుందో, ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఎండాకాలమంతా ఎక్కడ దాక్కుంటుందో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. యూజీసీ 2014లో జంతువుల్ని కోసే ప్రయోగాలు మానెయ్యమంది. మంచి పని. ల్యాబులో ఖాళీ అయిన ఆ చోటుకు బదులుగా పిల్లల్ని వానాకాలంలో ఒక్క సాయంత్రం చెరువుగట్టుకు తీసుకెళ్తే జంతుశాస్త్రం పాఠం సగం అక్కడే అయిపోతుంది.

ఈ పనిలో మొదటి నియమం: టార్చి వెయ్యకూడదు. గట్టు మీద నిలబడి ముందు వినాలి. మనం వచ్చిన అలికిడికి గొంతులన్నీ ఆగిపోతాయి. కాసేపటికి ఒకటి మొదలుపెడుతుంది, దాన్ని అందుకుని మిగతావి లేస్తాయి. అరిచేవన్నీ మగవే. గొంతు కింది సంచిని గాలితో ఉబ్బించి ఆడకప్పను పిలుస్తాయి. ఒక్కో జాతికి ఒక్కో పిలుపు. తన జాతి పిలుపు వినే ఆడది వస్తుంది కాబట్టి ఈ విషయంలో కప్ప పొరబడదు. మనం కూడా నేర్చుకుంటే పొరబడం.

గొంతుతో పాటు అది వచ్చే చోటునూ గమనించాలి. నీళ్ల నడుమ నుంచి ఊవ్, ఊవ్ అని లోతుగా వస్తుంటే అది బుడగలా ఉబ్బి నీటిమీద తేలుతున్న పొట్టకప్ప. గడ్డి మొదట్లోంచి కర్ర్‌మని ఆగకుండా వస్తుంటే బొటనవేలి గోరంత ఉండే చిట్టికప్ప. ఒడ్డు బురదలోంచి వచ్చేది పొలం కప్ప. తలకన్నా ఎత్తు నుంచి, చెక్క మీద తట్టినట్టు టక్ టక్‌మంటే చెట్టుకప్ప. ఇదే మన స్నానాలగదిలో పైపు పట్టుకుని కూర్చునేది. ఇక మొదటి వానకు ఊరంతా వినిపించేది బోదురుకప్ప. మామూలు రోజుల్లో మట్టిపచ్చగా ఉండే మగది ఆ రెండు మూడు రోజులు మాత్రం నిమ్మపండు రంగుకు మారుతుంది. గొంతుకు రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బుతాయి. శేషాచలం అనగానే ఎర్రచందనం, బంగారు బల్లి తలుచుకునే మనం ఈ పసుపూ నీలాల్ని ఇంటిపక్క కుంటలో ఉన్నా చూడకుండానే పోతున్నాం.

గొంతులు విడదీసుకున్నాక టార్చి వెయ్యాలి. నేర్చుకోవడానికి గోదురుకప్ప చాలు, అది వీధిదీపం కింద మనకోసం కూర్చునే ఉంటుంది. వంగి చూడండి. కళ్ల మీదుగా ముక్కుదాకా నల్లటి అంచులు గీసినట్టు ఉంటాయి. కళ్ల వెనక రెండు ఉబ్బెత్తు గ్రంథులు, విషం ఉండేది వాటిలో. ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది అబద్ధం. నోట కరిచిన కుక్కకు నురగ వస్తుందన్నది నిజం. పొరపాటున పట్టుకుంటే చేతులు కడుక్కునేదాకా కళ్లు నలుపుకోకండి. దీనికి శాస్త్రీయనామం 1799లోనే పెట్టారు. 2006లో దీని ప్రజాతికి ఒడిశా శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరిట దత్తాఫ్రైనస్ అని కొత్త పేరు పెట్టారు. మన గడప ముందు పురుగులేరుకునే ప్రాణి భారతీయ శాస్త్రవేత్త పేరు మోస్తోందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

ఒకసారి కయ్యిగట్టున నేను ఇట్లా వంగి ఉండగా పొలం చూసుకోను వచ్చిన పెద్దాయన అడిగాడు: "ఏం సామీ, ఈ వానలో ఏం ఎతకతా ఉండావు?" కప్పల్ని అన్నాను. "అవి వానకి పైకొస్తాయి గానీ, ఏడాదంతా మన కాళ్ల కిందే గదా ఉండేది! దుక్కి దున్నేటప్పుడు పెళ్లతోపాటు లేస్తాయి. మళ్లీ మన్ను కప్పేస్తాం," అన్నాడు. ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో ఆ రాత్రే కళ్లారా చూశాను. టార్చి వెలుగులో గుండ్రటి ఇసుకకప్ప ఒకటి కనబడింది. వెనక పాదాల అడుగున పారలాంటి గట్టి బుడిపె ఉంటుంది దానికి. ముందుకు చూస్తూనే వెనక్కి తవ్వుకుంది. ఒక కాలు, మరో కాలు, నడుము కాస్త అటూ ఇటూ. తడిమన్ను పక్కలకు జరిగింది. నడుము మునిగింది, వీపు మునిగింది, చివరకు రెండు కళ్లు మిగిలాయి, అవీ మూసుకున్నాయి. అక్కడ కప్ప ఉందని చెప్పినా ఎవరూ నమ్మరు.

ఇన్నేళ్లు వింటూ వచ్చినందుకు నాకు తెలిసివచ్చింది ఒకటుంది. మన వైపు కప్పల్లో చాలావాటికి పెద్ద చెరువుకన్నా చిన్న కుంటే ప్రాణం. చెరువులో ఏడాదంతా చేపలుంటాయి, గుడ్లనూ తోకపిల్లల్నీ మింగేస్తాయి. ఎండాకాలం ఎండిపోయే కుంటలో చేప ఉండదు. నెల, నెలన్నర నీళ్లు నిలిస్తే చాలు, తోకపిల్లలు కాళ్లు మొలిచి గట్టెక్కుతాయి. చిట్టికప్ప పిల్లలు ఒళ్లు పారదర్శకంగా, నీళ్లలో నీళ్లలా ఉంటాయి. బోదురుకప్ప పిల్లలు దోమపిల్లల్నీ తింటాయి. చెట్టుకప్ప నీటిమీదికి వంగిన కొమ్మకో తొట్టి గోడకో తెల్లటి నురగముద్ద కట్టి అందులో గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు జారి నీళ్లలో పడతాయి. ఆ కింద నీళ్లు లేకపోతే అంతటితో వాటి కథ ముగుస్తుంది.

రెవెన్యూ రికార్డులో కుంటకు విలువ తక్కువ. చెరువు ఆక్రమిస్తే నలుగురూ అడుగుతారు, కుంట పూడిస్తే ఎవరూ అడగరు. తిరుపతి చుట్టూ లేఅవుట్లకు మొదట మట్టి తోలేది పల్లంగా ఉన్న చోటుకే. వానలు పడనప్పుడు రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించిన ఊళ్లు మనవి. కప్పతల్లిని వాన అడిగినవాళ్లం, వాన వచ్చినప్పుడు ఆమె గుడ్లు పెట్టుకోను జానెడు గుంట వదలకపోవడం అన్యాయం.

అడవిలో ఇంకా తెలియని సంగతులున్నాయి. 2024లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, రాష్ట్ర జీవవైవిధ్య మండలి శాస్త్రవేత్తలు శ్రీలంకలోనే ఉంటాయనుకున్న రెండు జాతుల్ని ఇక్కడ గుర్తించారు. బంగారువీపు కప్ప పలమనేరు వైపు నీటిగుంటలో, పొదకప్ప శేషాచలం కొండల్లో దొరికాయి. మంచుయుగాల్లో సముద్రమట్టం తగ్గి, లంకకూ మనకూ నడుమ నేల తేలిన రోజుల ఆనవాళ్లివి. నీటిగుంటలో అంత పెద్ద చరిత్ర దొరికిందంటే, పూడ్చేసిన గుంటల్లో ఏమేం పోయాయో లెక్క ఎవరు చెబుతారు?

ప్రపంచంలోని ఉభయచరాల్లో దాదాపు 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2023లో శాస్త్రవేత్తలు తేల్చారు. కప్ప చర్మం గాలినీ నీళ్లనూ లోపలికి తీసుకుంటుంది. కయ్యలో మనం కొట్టే మందూ అందులోంచే లోపలికి పోతుంది. ఒకప్పుడు మన దేశం కప్పకాళ్లను వేల టన్నుల్లో విదేశాలకు పంపేది. 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. అడ్డుకోవాలనుకుంటే అడ్డుకోగలమని ఆ నిర్ణయం చెబుతోంది.

కాబట్టి ఈ ఈశాన్యం కాలంలో మీరూ ఒక సాయంత్రం బయలుదేరండి. అడవిలోకి పోవద్దు. చిరుతలూ ఏనుగులూ తిరిగే చోట రాత్రి మనకు పనిలేదు, అటవీశాఖ అనుమతీ ఉండదు. ఊరి కుంట చాలు. మోకాళ్లదాకా బూట్లు వేసుకోండి, చేతిలో కర్ర ఉంచుకోండి, ఎందుకంటే కప్ప ఉన్న చోట కట్లపాము, రక్తపింజర కూడా ఉంటాయి. దోమల మందు రాసుకున్న చేతులతో కప్పను ముట్టకండి. ఫోన్‌లో గొంతులు రికార్డు చేసి, తేదీ, ఊరు రాసి ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. ఆ కుంట ఒకప్పుడు బతికి ఉందనడానికి అదొక ఆధారం అవుతుంది. మీ ఊళ్లో ఎవరైనా కుంటకు మట్టి తోలుతుంటే పంచాయతీకి వెళ్లి ఒక్కమాట అడగండి: పూడ్చకుండా కుదరదా? కుదరదంటే, పిల్లకప్పలు గట్టెక్కేదాకానైనా ఆగమనండి. అడగడానికి నెల గడువు పెద్దదేం కాదు.