ఎర్రంకె మీద బొటనవేలు

లక్షలు పోసి కొన్న టోటల్ స్టేషన్, అదే మా సర్వే మిషను, కిలోమీటరు అవతలి ప్రిజాన్ని నాలుగైదు మిల్లీమీటర్ల తేడాలో పట్టేస్తుంది. కోణాన్ని సెకన్లలో చదువుతుంది. తాను మాత్రం నేలకు ఎంత ఎత్తున నిలబడి ఉందో దానికి తెలియదు. కనీసం నా చేతికొచ్చిన వాటికి తెలియదు. ఆ ఒక్క ముక్కా మనమే చెప్పాలి. నడుం వంచి, చెమట కళ్ళల్లోకి కారుతుంటే, హార్డ్‌వేర్ షాపులో కొన్న టేపుతో కొలిచి చెప్పాలి.

దీన్నే మేం హెచ్‌ఐ అంటాం. నేలలో దిగ్గొట్టిన పెగ్గు మీది మేకు తల నుంచి, దూరదర్శిని ఏ ఇరుసు మీద పైకీ కిందికీ తిరుగుతుందో ఆ ఇరుసు దాకా ఉన్న ఎత్తు. మిషను పక్కన చిన్న గుర్తు ఉంటుంది, అక్కడికి కొలవాలి. లెవెల్ పనివాళ్ళకు ఈ బాధ లేదు. వాళ్ళు మట్టం తెలిసిన బెంచ్‌మార్క్ మీద స్టాఫ్ (కొలత కర్ర) పెట్టించి చదివితే మిషను మట్టం దానంతటదే వస్తుంది, కింద నేల ఎంత లోతున ఉన్నా వాళ్ళకు పట్టదు. మా ఆఫీసులో లెవెల్ పెట్టే పెద్దాయన ఒకాయన నేను టేపు తీసినప్పుడల్లా నవ్వేవారు, దర్జీ పని చేస్తున్నావురా అని.

పల్నాడులో ఓ పిల్ల కాలువ పని. కిలోమీటరుకు ఇరవై సెంటీమీటర్ల వాలు ఇవ్వాలి. నల్లరేగడి, ఏప్రిల్ ఎండ, భోజనాల వేళ. నాలుగో స్టేషన్‌లో నేనే వంగి టేపు చదివి 1.536 అని రాసుకున్నాను. వెనక స్టేషన్ మట్టం మనకు తెలుసు కాబట్టి, అటు తిరిగి ఓసారి చూస్తే లెక్క సరిపోయిందో లేదో అక్కడే తేలుతుంది. ఆకలేసి చూడలేదు. సాయంత్రం కాలువ చివర తూము గోడ మీది బెంచ్‌మార్క్‌కు వచ్చి ముడేస్తే పది సెంటీమీటర్లు ఎక్కువ. అరకిలోమీటరు వాలు అన్నమాట.

తొమ్మిది కాదు, పదకొండు కాదు. అంత గుండ్రటి తేడా గాలి వల్లా రాదు, ఎండమావుల వల్లా రాదు. నోట్లోనో రాతలోనో తప్పు దొర్లి ఉండాలి. మర్నాడు తెల్లారకముందే వెనక్కి నడిచి ఒక్కో పెగ్గు మీదా స్టాండు పెట్టి వెనకా ముందూ చూసుకుంటూ వచ్చాం. నాలుగో పెగ్గు దగ్గర దొరికింది. ఆ టేపు మీద పదేసి సెంటీమీటర్ల అంకెలు ఎర్రగా, మధ్యలోవి ఒంటి అంకెలుగా నల్లగా ఉంటాయి. 140 అన్న ఎర్రంకెను నా బొటనవేలు కప్పేసింది. పైన 150 కనబడింది, దానికి 3.6 కలిపేశాను. అసలు కొలత 143.6.

ఈ తప్పులో భయపెట్టేది దాని మర్యాద. ఆ స్టేషన్ నుంచి కొలిచిన గట్టూ, పొలమూ, దారీ అన్నీ కలిసి పది సెంటీమీటర్లు పైకి లేచాయి. ఒకదానితో ఒకటి ఎక్కడా గొడవపడవు. పటం గీస్తే చక్కగా ఉంటుంది. పక్క స్టేషన్ పనితోనో, తెలిసిన మట్టంతోనో కలిపినప్పుడే బయటపడుతుంది. అప్పటినుంచి టేపు రెండంచులూ చదువుతాను. సెంటీమీటర్లు ఒకసారి, అంగుళాలు ఒకసారి, విడివిడిగా. యాభై ఆరున్నర అంగుళాలను 2.54తో గుణిస్తే 143.5 వస్తుంది, 153 రమ్మన్నా రాదు. బెంచ్‌మార్క్ పక్కనే ఉంటే టేపు కూడా అక్కర్లేదు. దూరదర్శినిని సమతలంగా పెట్టి బెంచ్‌మార్క్ మీది స్టాఫ్ చదివి, వచ్చిన మట్టంలోంచి పెగ్గు మట్టం తీసేస్తే హెచ్‌ఐ చేతికొస్తుంది.

ఇక వాలుగా కొలవడం. స్టాండు తల అడ్డం కాబట్టి టేపు నిట్టనిలువుగా పోదు, పక్కగా గుర్తు దాకా లాగుతాం. మేకు నుంచి ఆ గుర్తు అడ్డంగా పది సెంటీమీటర్లు ఉంటే, మీటరున్నర ఎత్తుకు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు ఎక్కువ చూపిస్తుంది. కాలువ పనికి నేను దాన్ని పట్టించుకోను. వంతెన కుంగుతోందా లేదా అని నెలనెలా కొలిచేవాడు పట్టించుకోకపోతే మాత్రం ఆ ఉద్యోగం మానుకోవాలి. దానికన్నా మోసం రేగడి మట్టిది. పొద్దున గట్టిగా తొక్కి దింపిన స్టాండు కాళ్ళు మధ్యాహ్నానికి ఇంకొంచెం దిగుతాయి. ఎండాకాలం తారు రోడ్డూ అంతే. అందుకే స్టాండు ఎత్తేముందు మళ్ళీ కొలవాలి. ప్రిజం కర్ర సంగతి వేరే చెప్పాలా? కంది చేలో కనబడక అరమీటరు పెంచి, ఆ మాట చెప్పడం మరిచిపోయిన చైన్‌మన్‌తో తగువు పడని సర్వేయర్ లేడు.

రైల్వే స్టేషన్ బోర్డు మీద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లని రాసి ఉంటుంది కదా. ఆ వ్యవహారం 1858లో మొదలై 1909 దాకా నడిచిన లెవెలింగ్‌లోంచి వచ్చింది. అప్పుడు సముద్ర మట్టానికి ఆధారంగా తీసుకున్న తొమ్మిది రేవుల్లో మన విశాఖపట్నం ఒకటి. అక్కడి ఆటుపోట్ల లెక్క ఊరూరి బెంచ్‌మార్కుల మీదుగా మా పెగ్గు దాకా జాగ్రత్తగా నడిచొచ్చింది. ఆఖరి మీటరున్నర నా బొటనవేలి కింద పడింది.

మొన్న మా ఊరి చెరువులో పూడిక ఎంత తియ్యాలో కొలవడానికి ఓ అమ్మాయి వచ్చింది. గట్టు మీద జీపీఎస్ బేస్, చేతిలో రోవర్. బేస్ ఎత్తు తప్పితే చెరువు చెరువంతా లేస్తుంది, లేదా దిగుతుంది. ఉండబట్టలేక దగ్గరికెళ్ళి, "ఎత్తు ఎంత పెట్టావమ్మా?" అన్నాను.

"ఇంకా పెట్టలేదండీ, కొలుస్తున్నా. వాలు కొలతని ఇస్తే చాలు, నిలువు అదే లెక్క కట్టుకుంటుంది."

యాంటెనా అంచుకు మూడు వైపుల నుంచి టేపు లాగింది. మొదటి రెండూ కలిశాయి. మూడోది ఆరు మిల్లీమీటర్లు తేడా. ఏమీ అనకుండా టేపు కింద పెట్టి, మరలు తిప్పుతూ బుడగ వైపు వంగింది. నేను వెళ్ళి చింతచెట్టు నీడన కూర్చున్నాను.