రెండు బట్టల అంగీ

జపాన్ అనిమే సినిమా ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ 2025 సెప్టెంబర్ 12న మన దేశంలో విడుదలైంది. జపనీస్, ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చింది. హనుమకొండలో చదువుకుని గూడెప్పాడు మీదుగా పరకాలకు తిరిగొచ్చే పిల్లల ముచ్చట్లలో అప్పటినుంచి ఓ పేరు తరచూ దొర్లుతోంది: గియూ తోమియోకా. ‘గాయినకు గంత పొగరెందుకురా’ అని ఒకరంటే, ‘పొగరేంది, గదే ఆయన స్టైల్’ అని ఇంకొకరు. వాదన అంతకు మించి సాగదు. సాగడానికి గియూ ఏదైనా మాట్లాడితే కదా! సినిమాలో అకాజా అనే రాక్షసుడు ఎదురుపడి, పేరు చెప్పమని అడుగుతాడు. గియూ చెప్పడు. మాట్లాడటమే తనకు గిట్టదని ఒక్క ముక్క అని కత్తి తిప్పుతాడు.

తెలుగు సినిమా చూసి పెరిగిన కళ్లకు ఇది కొత్త. మన హీరో తెరమీదికి వస్తూనే తానెవరో, తన వంశమేంటో, ఎదుటివాడికి ఏ గతి పట్టబోతోందో చెబుతాడు. డైలాగు వింటే పాత్ర అర్థమైనట్టే. గియూ దగ్గర ఆ పద్ధతి పనికిరాదు. తక్కువ మాట్లాడే పాత్రను చదవాలంటే నోరు వదిలేసి ఒళ్లంతా చూడాలి. ఏం తొడుక్కున్నాడు, ఏం తింటాడు, నలుగురిలో ఎక్కడ నిలబడతాడు, ఎప్పుడు గొంతు పెంచుతాడు. పొగరన్న పిల్లాడూ స్టైలన్న పిల్లాడూ ఇద్దరూ పొరబడ్డారని అప్పుడు తేలుతుంది.

ముందు బట్ట సంగతి. యూనిఫాం మీద గియూ వేసుకునే పై అంగీని జపాన్‌లో హవోరీ అంటారు. దానిలో ఒక సగం ఏ డిజైనూ లేని ముదురు ఎరుపు. రెండో సగం పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో కోణాలు కోణాలుగా, తాబేటి చిప్పను తలపించే నమూనా. నడి వీపు మీద రెండూ కలిసేచోట నిలువు కుట్టు. ఎర్ర సగం అక్క త్సుతాకోది. గళ్ల సగం దోస్తు సబితో తొడుక్కున్న బట్టది. ఇద్దరూ ఇతన్ని బతికించి తాము పోయినవాళ్లు.

త్సుతాకోకు తెల్లారితే పెళ్లి. ఆ రాత్రి రాక్షసుడు వస్తే తమ్ముణ్ని దాచి తాను బలైంది. రాక్షసుడొచ్చాడని పిల్లవాడు చెబితే చుట్టాలు నమ్మలేదు. మతి చలించిందనుకుని వైద్యుడి దగ్గరికి పంపబోతే దారిలో తప్పించుకుని కొండల్లో పడ్డాడు. చివరికి ఉరొకొదాకి అనే గురువు దగ్గరికి చేరాడు. అక్కడ తన ఈడువాడే సబితో దొరికాడు. పదమూడేళ్లకు ఇద్దరూ కలిసి రాక్షస సంహారకుల పరీక్షకు వెళ్లారు. పరీక్ష జరిగిన కొండ మీది రాక్షసుల్లో దాదాపు అందరినీ సబితో ఒక్కడే చంపాడు, తోటివాళ్లందరినీ కాపాడాడు. ఆ ఏడు పరీక్షకు వచ్చినవాళ్లలో చనిపోయిందీ అతనొక్కడే. గియూ మొదటి రాక్షసుడి చేతిలోనే దెబ్బతిని స్పృహ తప్పాడు. కళ్లు తెరిచేసరికి పరీక్ష అయిపోయింది, తాను పాసయ్యాడు. ఒక్క రాక్షసుణ్ని కూడా చంపకుండా.

పొగరుగా కనిపించే ప్రతి మాట వెనకా ఈ లెక్కే ఉంది. తొమ్మిది మంది మేటి ఖడ్గధారులను ఆ కథలో హషిరాలంటారు. నీటి హషిరా పదవి గియూది. హషిరాల సమావేశంలోంచి లేచిపోతూ, తాను మిగతావాళ్లలాంటివాణ్ని కానని అంటాడు. గాలి హషిరా సనెమికి ఒళ్లు మండుతుంది. తమను తక్కువ చేశాడనుకుంటాడు. గియూ తనను తాను తక్కువ చేసుకున్నాడు. ఈ పీట సబితోది, బతికుంటే అతను కూర్చోవాల్సింది, నేను ఊరికే చోటు ఆక్రమించానన్నది అతని లోపలి మాట. ఆ సగం బయటికి రాకపోవడంతో విన్నవాళ్లకు వాక్యం తలకిందులుగా అందింది.

మన రామాయణంలో ఇలా కూర్చోలేనివాడు భరతుడు. అన్న పాదుకలను సింహాసనం మీద పెట్టి, తాను నందిగ్రామంలో నారచీరలు కట్టి పద్నాలుగేళ్లు రాజ్యం నడిపాడు. పని అంతా చేశాడు, పీట మాత్రం తనదనుకోలేదు. గియూ కూడా హషిరా పని ఒక్కటీ ఎగ్గొట్టడు. భరతుడికి అన్న తిరిగొచ్చే గడువుంది. రోజులు లెక్కపెట్టుకోవచ్చు. గియూకు లెక్కపెట్టడానికి ఏమీ లేదు. అందుకే అతని మౌనం భరతుడి వైరాగ్యం కన్నా బరువుగా ఉంటుంది.

రెండు సగాలకు రెండు రకాల బట్టలు వేసి కుట్టడం జపాన్‌కు కొత్తేమీ కాదు. 16వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో అలాంటి కిమోనోలు అక్కడ మోజుగా తొడుక్కున్నారు. అప్పుడది అలంకారం. రచయిత కొయొహారు గొతోగె ఆ పాత కుట్టును తీసుకుని దుఃఖానికి వాడారు. మన పక్క ఊళ్లలో అమ్మమ్మ పాత చీర, తాత ధోతి కలిపి కుట్టిన బొంత కప్పుకుని పడుకున్నవాళ్లకు ఈ అంగీని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆ రెండు బట్టల వెచ్చదనం తెలిసినవాళ్లు, దాన్ని రోజూ యుద్ధానికి తొడుక్కుపోవడం ఎంత కష్టమో కూడా ఊహించగలరు.

ఈ అంగీకి సంబంధించి మరో సంగతి చెప్పుకోవాలి. 2020లో జపాన్ ప్రచురణ సంస్థ షుయేషా ఈ కథలోని ఆరు పాత్రల బట్టల నమూనాలకు ట్రేడ్‌మార్కు కోరింది. కథానాయకుడు తంజిరో నలుపు-ఆకుపచ్చ గళ్లు, అతని చెల్లెలు నెజుకో జనపనార ఆకు నమూనా, దోస్తు జెనిత్సు త్రిభుజాలు తిరస్కరణకు గురయ్యాయి. అవి తరతరాలుగా అందరూ వాడుకుంటున్న నమూనాల్లాంటివే. గియూ అంగీ నమూనాకు మాత్రం, మరో ఇద్దరు హషిరాల నమూనాలతో పాటు, 2021లో రిజిస్ట్రేషన్ దక్కింది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంబరపడ్డ జిల్లాకు, బట్ట మీది గీత కోసం ఇంత పట్టుదల ఎందుకో తెలుసు.

గొతోగె ఓపిక చూడండి. ఈ కథ టీవీ సిరీస్‌గా మొదటి సీజన్ 2019 ఏప్రిల్‌లో మొదలైంది. మూడో ఎపిసోడ్‌లో తంజిరోకు కొండ మీద నక్క ముసుగు పెట్టుకున్న ఓ కుర్రాడు ఎదురై కత్తి సాధన చేయిస్తాడు. అతనే సబితో, చనిపోయి ఎన్నో ఏళ్లయినవాడు. అతని తెల్లటి పై అంగీ కింద కనిపించే గళ్లు గియూ ఎడమ సగం మీద ఉన్నవే. చూపించి ఊరుకున్నారు. గియూ కథను తెరమీద విప్పింది 2024లో వచ్చిన హషిరా శిక్షణ సీజన్‌లో. అయిదేళ్లపాటు ఆధారం అందరి కళ్ల ముందే వేలాడింది. మాటలతో చెప్పే కథలో ఇది కుదరదు. మౌనంగా ఉండే పాత్రను రాయడంలోని ఆనందం ఇదే.

ఇక నీరు. ఉరొకొదాకి నేర్పే నీటి శ్వాస విద్యలో పది రూపాలున్నాయి. అల, జలపాతం, సుడిగుండం, అన్నీ కదిలేవే. గియూ పదకొండోది సొంతంగా కల్పించాడు. దానిలో కదలిక ఉండదు. కత్తి పట్టుకుని నిలబడతాడు. మీదికొచ్చిన ప్రతి దెబ్బా అతని పరిధిలోకి రాగానే చెదిరిపోతుంది. గాలి పడిపోయిన సముద్రంలా ఉంటుంది ఆ క్షణం. తనంతట తానుగా ఏదైనా సృష్టించమంటే అతను నిశ్చలతను సృష్టించుకున్నాడు. ఈ పాత్ర మొత్తంలో ఇంతకన్నా గొప్ప ప్రతీక లేదు. అయితే దాన్ని ప్రశాంతత అనుకుంటే పొరపాటు. అతని కళ్లు చూస్తే తెలుస్తుంది. తంజిరో కళ్లలో వెలుగు చుక్కలు మెరుస్తుంటాయి. గియూ నీలి కళ్లు ఏ మెరుపూ లేకుండా చదునుగా ఉంటాయి.

అతను గొంతు చించుకుని అరిచిన సందర్భం కూడా ఉంది. అదీ మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే. రాక్షసిగా మారిన చెల్లెల్ని చంపొద్దని తంజిరో మంచులో మోకరిల్లి వేడుకుంటాడు. నీవాళ్ల ప్రాణం ఇంకొకడి చేతిలో పెట్టి బతిమాలుతావా అన్న అర్థంలో గియూ విరుచుకుపడతాడు. పైకి అరుస్తున్నా లోపల మాత్రం ఏడవకు, కుంగిపోకు అని ఆ పిల్లాడికి చెబుతుంటాడు. అక్కను కోల్పోయిన తమ్ముడు, చెల్లెల్ని కోల్పోబోతున్న అన్నను చూస్తున్న ఘట్టమది. మనకు ఆ సంగతి అప్పటికి తెలియదు. రెండోసారి చూస్తేనే ఆ కేక ఎక్కడినుంచి వచ్చిందో అందుతుంది. తర్వాత, నెజుకో మనుషుల్ని తింటే గియూ కూడా కడుపు చీల్చుకుని చస్తానని పూచీ పడ్డట్టు హషిరాల సభలో చదివిన ఉరొకొదాకి ఉత్తరం వల్ల బయటపడుతుంది. అంత పెద్ద మాటిచ్చి తంజిరోకు చెప్పలేదు. వేరొకరి ఉత్తరం చెప్పాల్సి వచ్చింది.

అందరూ నిన్ను అసహ్యించుకుంటున్నారని తోటి హషిరా షినోబు ఆటపట్టిస్తే, లేదని మాత్రమే అనగలిగాడు. సాల్మన్ చేప, ముల్లంగి కలిపి ఉడికించిన కూర పెడితే మొహం విప్పారుతుంది. ఇంత చిన్న సంగతులతో అతను మనిషిగా మిగిలాడు.

తంజిరో అతన్ని మాట్లాడించిన తీరు మరీ బాగుంటుంది. హషిరాల శిక్షణకు రానంటున్న గియూను రోజుల తరబడి వెంటాడుతాడు. పగలూ రాత్రీ, పక్కనే నడుస్తూ, పలకరిస్తూ. విసిగి వేసారి గియూ తన కథ చెప్పేస్తాడు. తంజిరో ఓదార్చడు. సబితో మీకు అప్పగించిపోయినదాన్ని మీరు ముందుకు అందించరా అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. దాంతో పాత జ్ఞాపకం ఒకటి తన్నుకొస్తుంది. అక్క బదులు తానే చావాల్సిందని గియూ అన్నప్పుడు సబితో చెంప ఛెళ్లుమనిపించాడు. ఇంకోసారి అంటే దోస్తానా లేదన్నాడు. ఆ దెబ్బ గుర్తుచేసుకుంటే ప్రాణం పోతున్నంత నొప్పి కాబట్టి గియూ దాన్ని ఇన్నేళ్లు మరుగున పెట్టాడు. గియూ నిశ్శబ్దంగా ఉండిపోవడం చూసి తన మాట తప్పయిందేమోనని తంజిరో కంగారుపడి, సోబా నూడుల్స్ తినే పందెం పెడదామంటాడు. మాట్లాడటం ఇష్టం లేనివాడితో మాట్లాడకుండా చేయగలిగే పని అది. కథ మొత్తంలో ఇంత దయగల హాస్యం మరోచోట లేదు.

ప్రాణాలతో మిగలడమే నేరమనిపించే మనుషులు కార్టూన్లలోనే ఉంటారనుకోనక్కర్లేదు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద కాల్పులు జరిగాయి. ప్రాణాలిచ్చినవాళ్లకు ఊళ్లో అమరధామం ఉంది. పిల్లలు ఆగి చూస్తారు, సెప్టెంబర్‌లో దండలు పడతాయి. అదే రోజు పక్కవాడు కూలిపోతే తాను ఇంటికి తిరిగొచ్చినవాడికి ఏ స్తూపమూ ఉండదు. అలాంటి మనిషి మాట తక్కువైతే ముసలాయనకు గర్వమనో, కోపమనో పేరు పెడతాం. గియూను చదవడం నేర్చినవాళ్లు ఆ పేరు పెట్టేముందు కాసేపైనా ఆగుతారు.

జపాన్ అనిమేలో మౌనపాత్రలకు కొదవలేదు. 1995లో వచ్చిన ‘ఇవాంజెలియన్’లోని రేయి అయనామి ఆ కోవకు పెద్దక్క. ‘అటాక్ ఆన్ టైటన్’లో మికాసా ఎర్ర మఫ్లర్ గియూ అంగీకి దగ్గరి చుట్టం. వీళ్లను చూసి పుట్టించిన నకళ్లు మాత్రం చాలామటుకు బోలు. నుదుటి మీద జుట్టు, చేతులు కట్టుకున్న భంగిమ, ఒక పొడి మాట. లోపల దాచుకున్నదేమీ లేనివాడు మౌనంగా ఉంటే అది కేవలం వేషం. గియూ మౌనానికి కారణముంది, వయసుంది, ఇద్దరు మనుషుల పేర్లున్నాయి. అందుకే అది కరగగలదు కూడా. గియూ కథకు మూలమైన బొమ్మల కథ (మాంగా) 2020 మేలో 205వ అధ్యాయంతో ముగిసింది. సినిమాల కోసం కాచుకుని ఉన్నవాళ్లు ఈ పేరాలో మిగిలిన రెండు వాక్యాలు దాటేయండి. చివరికి గియూ కుడి చెయ్యి పోతుంది, పొడుగు జుట్టు కత్తిరించుకుంటాడు. ఆ ఒంటి చేతి మనిషి ముఖంలో మొదటిసారి నిండుగా నవ్వు కనిపిస్తుంది.

‘ఇన్ఫినిటీ క్యాసిల్’ మూడు సినిమాల్లో మొదటిది మాత్రమే. గియూది పొగరన్నవాళ్లు, స్టైలన్నవాళ్లు తర్వాతి భాగం వచ్చేలోగా ఓ పని చేయండి. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్, దాని వెంటనే హషిరా శిక్షణ సీజన్ రెండో ఎపిసోడ్ ఒకే పూట చూడండి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.