కార్డు మీద సికింద్రాబాద్

పోస్టుకార్డులో ఇమిడిపోయే కథను మన పత్రికలు కార్డు కథ అన్నాయి. ఆ పనితనమంటే నాకు ఎనలేని గౌరవం. సికింద్రాబాద్ అందుకు తగిన ఊరు. 1874లో మొదలైన రైల్వే స్టేషను, 1897 నాటి క్లాక్ టవర్, మోండా మార్కెట్... ఎక్కడ నిలబడినా ఎవరో ఒకరి కథ సగంలో ఎదురవుతుంది. నేర్పున్న కథకుడు ఆ సగాన్నే తీసుకుంటాడు. స్టేషను ఎదురుగా ఆల్ఫా హోటల్లో ఒంటరిగా కూర్చుని, ఇరానీ చాయ్ ‘వన్ బై టూ’ చెప్పే ఒక పెద్దాయన్ను ఊహించండి. ఆయన పేరు, వయసు, చొక్కా రంగు, హోటల్ సందడి అన్నీ కొట్టేయాలి. రెండో కప్పు ఒక్కటి ఉంచాలి. అదెవరిదో మాత్రం రాయకూడదు. రాయాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోవడమే ఇందులో కష్టమైన భాగం, నాకు అన్నిటికన్నా నచ్చే భాగమూ అదే.