రంగు ఎప్పుడు ఎక్కింది?

కౌలాలంపూర్‌లో మస్జిద్ ఇండియా వీధి దుకాణాల్లో బాటిక్ అడిగితే, ‘ఏ గుడ్డ మీద?’ అని తిరిగి అడుగుతారు. అడగాల్సిందే. బాటిక్ అంటే అద్దకం. పట్టు మీదా వేస్తారు, నూలు మీదా, విస్కోస్ మీదా. పట్టు అంటే పోగు. సోంకెట్ అంటే నేత. మూడింటినీ ఒకే వరసలో పేరిస్తే కొనేవాళ్లకి తికమకే.

కుట్టుపని మొదలెట్టాక గుడ్డ పట్టుకోగానే నేను చూసేవి రెండే: పోగు ఏది, రంగు ఎప్పుడు ఎక్కింది.

రెండోది నాకు మహా ఇష్టం. సరవాక్‌లో ఇబాన్ స్త్రీలు పువా కుంబు అనే గుడ్డ కోసం పడుగు పోగులకి ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు. పోచంపల్లి వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఇక్కడి మగవాళ్లు ఇంట్లోనూ మసీదులోనూ కట్టే గళ్ల లుంగీ, కైన్ పెలికాట్, కూడా ముందే రంగేసిన నూలే. అందుకే దానికి లోపలా బయటా లేదు. ఆ పేరు మన పులికాట్ రేవుదే. తెరెంగాను, కెలంతాన్‌ల సోంకెట్‌లో పోగుకి రంగు ముందే ఎక్కినా, పువ్వు మాత్రం నేసేటప్పుడు అదనంగా దూర్చిన జరీ పేకతోనే పడుతుంది. 2021లో ఇది యునెస్కో జాబితాకెక్కింది.

బాటిక్‌కి నేత అయ్యాకే రంగు. చూసి మనవాళ్లు ‘కలంకారీలాగే ఉందే’ అంటారు. పని మాత్రం తలకిందులు. కాళహస్తి కలం రంగు పట్టాల్సిన చోట నడుస్తుంది. ఇక్కడి చాంటింగ్ అనే మైనపు కలం రంగు దాటకూడని చోట వేడి మైనం గీస్తుంది. ఆ గట్ల మధ్య కుంచెతో రంగు నింపుతారు. (పాత కోరమాండల్ అద్దకాల్లో నీలిమందు దగ్గర మైనం వాడేవారు. చుట్టరికం బొత్తిగా లేదనను.)

ఒంటికి తెలిసేది మాత్రం పోగే. నూలు మామూలు గాలిలోనే దాదాపు 8.5 శాతం తేమ పట్టుకుంటుంది, విస్కోస్ ఇంకా ఎక్కువ. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. ఈ ఊరి ఉక్కలో ‘సిల్క్’ అని అమ్మే మెరుపు పాలిస్టర్ కట్టుకుంటే తేడా అరగంటలో తెలిసిపోతుంది.

కస్టమ్స్ వాళ్లకి అద్దకంతో కంటే తూకంతోనే పని: కలనేతలో ఏ పోగు బరువెక్కువైతే గుడ్డంతా అదే. వాళ్ల సుంకాల పట్టికలో పట్టుకి 50వ అధ్యాయం, నూలుకి 52. చెట్టు గుజ్జుతో చేసే విస్కోస్ మాత్రం 54, 55ల్లో పాలిస్టర్ పక్కన చేరింది. నాకిది మింగుడుపడదు.

అనుమానమొస్తే ఒక పోగు కాల్చి చూస్తాను. పట్టుకి వెంట్రుకలు కాలిన కంపు, పాలిస్టర్‌కి కరిగి బిగిసిన నల్లటి పూస. నూలూ విస్కోసూ రెండూ కాగితంలాగే కాలతాయి, రెండూ సెల్యులోజే మరి. వాటిని తడిపి లాగాలి. తడిసిన నూలు గట్టిపడుతుంది, విస్కోస్ పుటుక్కున తెగుతుంది.