నపుంసక శబ్దము: ఒక విమర్శ

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్ట రైతు పశువును గూర్చి ఎంత తూచి మాటలాడునో గమనించినవారికి ఆశ్చర్యము కలుగకపోదు. పాలు మఱచిన దూడ వేఱు. కొమ్ము విసరు కోడె వేఱు. ఊరికి విడిచిన ఆబోతు వేఱు. విత్తులు కొట్టించి కాడి క్రిందికి తెచ్చిన ఎద్దు వేఱు. ఎద్దు అన్నంతనే దానికి మనుష్యుడేమి చేసినాడో వినువానికి తెలియును. ఎద్దును చూచి ఇది దైవము చేసిన పని యనువాడు లేడు. ఆ రైతే, ఆ రైతు బిడ్డలై చదువుకొన్న మనమే, మనుష్యుని మాట వచ్చునప్పటికి ఈ వివేకమును విడిచిపెట్టుచున్నాము. పుట్టుకతోనే శరీరనిర్మాణమున భేదము గలవాడు, వ్యాధి వలననో దెబ్బ వలననో వృషణములు పోగొట్టుకొన్న బాలుడు, ఇతరులు పట్టి కోసివేసిన బాలుడు, పెరిగి పెద్దయై తన మనసు తానెఱిగి స్త్రీగా బ్రదుకనెంచిన వ్యక్తి, సంతానము లేని గృహస్థుడు, తుదకు పోరు చూచి పారిపోయిన పిఱికివాడు: వీరందఱికిని మనము వాడుచున్నది 'నపుంసకుడు' అను నొక్క మాటయే. ఈ మాటను, దానిని పోషించిన సాహిత్యమును, దానిని అనుసరించిన చట్టమును పరిశీలించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

నపుంసకమనగా స్త్రీయు పురుషుడును కానిది. అది వ్యాకరణమున లింగభేదము చెప్పుటకు చాలిన మాట. మనుష్యునకు అంటగట్టినప్పుడు మాత్రము అతడేమి కాడో చెప్పును గాని, అతనికేమైనదో, ఎవరు చేసినారో చెప్పదు. అమరకోశమున షండుడు, వర్షవరుడు అను పదములు సమానార్థకములు. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజాంతఃపుర పరిచారకులలో వర్షవరులను పేర్కొనుచున్నది. అది కొలువులో నొక యుద్యోగము పేరు. ఆ యుద్యోగమునకు తగిన శరీరము వానికెట్లు వచ్చెనో ఆ పేరు చెప్పదు. తెలుగున పేడి, కొజ్జా అను మాటలును ఇట్టివే. చేసిన పని మఱుగున పడినది. ఆ పనికి గుఱియైనవాడు మాత్రము పేరుతో సహా వీథిలో నిలిచినాడు.

మన సాహిత్యమున ఈ విషయము తలచినంతనే బృహన్నల జ్ఞప్తికి వచ్చును. ఊర్వశి శాపము అజ్ఞాతవాసమున అర్జునునకు అక్కఱకు వచ్చిన కథ ఎఱుగని తెలుగువారు లేరు. బృహన్నలకు పుంస్త్వము లేదని రూఢి చేసికొన్న పిమ్మటనే విరాటుడు ఆమెను కన్యాంతఃపురమునకు పంపెనని వ్యాసభారతము చెప్పుచున్నది. అంతఃపురమునకు ఎట్టి సేవకుడు కావలెనో ఆ యొక్క వాక్యము వలన తేటపడును. తిక్కన తీర్చిన విరాటపర్వమున నవ్వు బృహన్నల మీద పడదు. ప్రగల్భములు పలికి, కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తిన ఉత్తరుని మీద పడును. అది మహాకవి మర్యాద. నందిగామ, జగ్గయ్యపేటలు చేరిన జిల్లా 2022లో ఎవరి పేర ఏర్పడెనో, ఆ నందమూరి తారక రామారావు 1963లో 'నర్తనశాల' చిత్రమున బృహన్నల వేషము ధరించి, దానిని వెకిలితనమునకు దిగనీయక నిలిపెను.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. బృహన్నలకు దక్కిన గౌరవము లోపల అర్జునుడున్నాడని మనకు తెలియుటచేత దక్కినది. ఆ శాపమునకు గడువు ఒక్క యేడు. గాండీవము జమ్మిచెట్టు మీద వేచియున్నది. గడువు లేని గాయముతో, చెట్టు మీద ఆయుధమేదియు లేక, అటువంటి ద్వారముననే ఆయువెల్ల గడపిన వర్షవరునకు మన ప్రసిద్ధకావ్యములలో కథానాయకత్వము దక్కలేదు. మన కవులు శాపమును వర్ణించిరి గాని కత్తిని వర్ణింపలేదు. శాపమన్నంతనే కర్త దేవలోకమునకు పోవును. భూలోకమున శిక్షింపదగినవాడెవడును మిగులడు. మా యాక్షేపణ యంతయు ఇక్కడనే యున్నది.

చరిత్రను తెఱచి చూచినచో కర్త కనబడును. వంగదేశపు సిల్హెట్టు ప్రాంతమున ప్రజలు శిస్తుకు బదులుగా తమ కొడుకులలో కొందఱిని ఇట్లు చేసి అధికారులకు ఒప్పగించుచుండిరనియు, తాను దానిని నిషేధించితిననియు జహంగీరు చక్రవర్తి స్వీయచరిత్రలో వ్రాసికొనెను. చీనాలో సున్ యావోటింగ్ అను పేదబాలునకు తండ్రియే యింటిలో ఈ పని చేసెను. రాజప్రాసాదమున కొలువు దొరకి కుటుంబము గట్టెక్కునని ఆశ. కొద్ది నెలలకే, 1912లో, ఆ రాజవంశము సింహాసనము విడిచెను. ఆ బాలుడు చీనా ప్రాసాదసేవకులలో కడపటివాడై 1996 వఱకు జీవించెను. ఇటలీలో గొంతు మాఱకమునుపే బాలురను కోసి దేవాలయములయందును నాటకశాలలయందును పాడించిరి. 1903లో పదవ పయస్ పోపు దేవాలయగానమున ఇట్టివారి వాడుకకు అధికారికముగా స్వస్తి పలికెను. వారిలో కడపటివాడైన అలెస్సాండ్రో మొరెస్కీ గొంతు 1902, 1904 సంవత్సరములలో గ్రామఫోను పలకల కెక్కినది, నేటికిని వినవచ్చును.

ఈ మూడు దేశముల కథలలోను రెండు కారణములు కనబడుచున్నవి. ఒకటి దారిద్ర్యము. రెండవది స్త్రీల విషయమున పురుషులు పెట్టిన కట్టడి. రాణులను గోడల లోపల మూసిరి గనుక ఆ గోడకు కాపలాయుండుటకు కోసిన బాలుడు కావలసెను. దేవాలయమున స్త్రీ నోరెత్తరాదనిరి గనుక స్త్రీ గొంతు గల బాలుడు కావలసెను. ఆడుపిల్ల గడప దాటరాదన్న నియమము ఆడుపిల్లతో ఆగదు. ఎక్కడనో నొక పేదవాని మగపిల్లవాని రక్తమును గూడ కోరును. ఘోషాను ఖండించిన మన సంస్కర్తల వాదమునకు ఈ సాక్ష్యమును చేర్చుకొనవలెనని మా మనవి.

ఇక శరీరమునకు కలుగు ఫలితములు. వీనిలో కొంత భాగము మెట్ట రైతునకు శాస్త్రజ్ఞుని కంటె ముందే తెలియును. చిన్ననాడే విత్తులు కొట్టించిన దూడకు మెడ బలియదు, మూపురము ఎత్తుగా లేవదు, కాళ్లు పొడవగును. అందుచేతనే కాడికి తగిన మెడ వచ్చువఱకు కోడెను కోడెగానే పెంచుదురు. కారణము తరువాత తెలిసినది. 1849లో జర్మనీయందలి గొట్టింగెను నగరమున బెర్తోల్డు అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల వృషణములను తీసి, కొన్నింటికి వానిని మఱల కడుపులో నాటి చూచెను. తీసివేసిన పుంజులకు తురాయి కుంచించి కూత తగ్గినది. నాటిన పుంజులు పుంజులుగానే నిలిచినవి. వృషణములనుండి రక్తములో కలియు రసమొకటి దేహమంతటిని నడపుచున్నదని దీనివలన తేలినది. 1935లో ఆ రసమును వేఱుపఱచి దానికి టెస్టోస్టెరోన్ అని పేరిడిరి.

యుక్తవయస్సునకు ముందే ఆ రసము ఆగిపోయినచో గొంతుపెట్టె పెరుగదు. స్వరము బాల్యస్వరముగానే నిలుచును. గడ్డము, మీసము రావు. తలమీది జుట్టు మాత్రము పురుషులకు వచ్చు బట్టతలకు లోబడదు. కండ తగ్గి, నడుమునను రొమ్మునను క్రొవ్వు చేరును. సంతానము కలుగదు. ఎముకల కొనలయందు ఎదుగుదలకు మృదులాస్థిపొర యొకటి యుండును. టెస్టోస్టెరోన్ నుండి దేహములోనే తయారగు ఈస్ట్రోజెను ఆ పొరను సకాలమున మూసివేయును. అది లేనిచో పొర చాలకాలము తెఱచియుండి చేతులు, కాళ్లు అతిదీర్ఘములగును. పిమ్మట ఎముక గుల్లబారును. అష్టాదశశతాబ్దమున ఐరోపాను మోహింపజేసిన గాయకుడు ఫారినెల్లి అస్థులను 2006లో వెలికితీసి పరీక్షించినప్పుడు ఎముకల క్షయము స్పష్టముగా కనబడినది. కొరియా రాజకొలువునందలి ఇట్టి సేవకులు 81 మంది వంశావళులను పరిశీలించి 2012లో ప్రకటించిన వ్యాసమున, వారి సగటు ఆయుర్దాయము 70 ఏండ్లని, సాటి కుటుంబముల పురుషుల కంటె 14 మొదలు 19 ఏండ్లు అధికమని తేలినది. దీనిని చూపి ఆ కార్యమును సమర్థించుట తగదు. కోత వలన చచ్చిన బాలురు ఆ లెక్కలోనికి రారు. బ్రదికి కొలువు చేరినవారే వచ్చిరి.

బుద్ధి, ధైర్యము ఈ మార్పుల పట్టికలో లేవని గమనింపవలెను. యున్నాను ప్రాంతమున పదేండ్ల ప్రాయమున యుద్ధమున చిక్కి, కోతకు గుఱియైన ఝెంగ్ హో 1405 మొదలుకొని ఏడు మారులు మహానౌకాదళములను నడపి కళ్లికోట దాకను, ఆఫ్రికా తీరము దాకను చేరెను. 1299లో ఖంభాతున బానిసగా చిక్కిన మాలిక్ కాఫూరు 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రునిచేత కప్పము కట్టించెను. కాఫూరు చేసినవన్నియు మెచ్చుకొనదగినవి కావు. కాని పిఱికితనమునకు 'నపుంసకత్వము' అని మాఱుపేరు పెట్టువారు కాకతీయుల చరిత్రను చదువలేదని మాత్రము చెప్పవలసియున్నది.

మాటలోని గందరగోళము చట్టములోనికి పాకినప్పుడు ఏమి జరుగునో చూచుటకు ఈ సీమ కంటె మంచి తావు లేదు. గోలకొండ నుండి బందరు రేవునకు పోవు పాతబాట ఈ మీదుగానే సాగెడిది. పిమ్మట జగ్గయ్యపేట దాటినంతనే నైజాము రాజ్యము; ఇవతల మదరాసు రాజధాని. ఇవతల అమలైన 1860 నాటి శిక్షాస్మృతి తీవ్రమైన గాయములను ఎనిమిదింటిని లెక్కించుచు, పుంస్త్వమును పోగొట్టుటను మొట్టమొదట చేర్చెను. గాయపడినవాడు ఎట్టి వేషము వేయునని అది యడుగలేదు. గాయపఱచిన చేతినే అడిగెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు 116వ సెక్షనున ఆ వరుసనే నిలుపుకొన్నది. సరిహద్దున కావల నైజాము ప్రభుత్వము 1329 ఫసలీలో, అనగా 1919లో, వేఱొక చట్టము చేసెను. బాలురను అపహరించి కోయుటను ఆపుట దానికి చెప్పుకొన్న కారణములలో నొకటి. కాని అది నేరమునకు గాక మనుష్యులకు పట్టిక తెఱచెను. చీర కట్టినను, నగ పెట్టినను, వీథిలో పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చుననెను. కత్తి పట్టినవాడును, కత్తికి గుఱియైనవాడును, ఎవరికిని హాని చేయక చీర కట్టినవాడును ఒక్క పేరున నేరస్థులైరి. నైజాము పోయిన పిమ్మటను ఆ చట్టము పుస్తకమున నిలిచియే యున్నది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. నూఱేండ్లు దాటిన ఆ యన్యాయమునకు మూలము ఒక శబ్దమును విడదీసి చూడకపోవుటయే.

సాహిత్యమున మాత్రము ఇటీవల మేలుమార్పు కనబడుచున్నది. తమిళనాటి రేవతి తన జీవితమును తానే వ్రాసికొనగా, పి. సత్యవతి దానిని 'ఒక హిజ్రా ఆత్మకథ' అను పేర తెలుగు చేసిరి. ఆ యనువాదమునకు 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించినది. ఇందు శాపము లేదు, మాఱువేషము లేదు. పెద్దయైన వ్యక్తి తన దేహమును గూర్చి తాను చేసికొన్న నిర్ణయమును, దానికి లోకము వసూలు చేసిన మూల్యమును ఉత్తమపురుషలో చెప్పుచున్నది. ఈ పుస్తకమును చదివినవారికి, ఎఱుక గల వ్యక్తి సమ్మతికిని, ఎఱుగని బాలుని మీద జరిగిన హింసకును నడుమ గల దూరము తేటపడును. మొదటిదానిని గౌరవింపవలెను, రెండవదానిని శిక్షింపవలెను. రెంటికిని ఒక్క పేరు పెట్టినవాడు రెండును చేయజాలడు.

ఇది పండితుల చర్చ, మా యింటికేమి అని చదువరులనుకొనరాదు. ఈ మాటకు జడిసి ఇండ్లలో దాచిపెట్టబడునవి పసిపిల్లల వ్యాధులు. పుట్టిన మగబిడ్డకు వృషణము సంచిలోనికి దిగకున్నచో ఆఱు నెలల వఱకు వేచి, పిమ్మట ఏడాదియో ఏడాదిన్నరయో నిండకమునుపే శస్త్రము చేయించవలెను. బాలునకు అకస్మాత్తుగా వృషణమున తీవ్రమైన నొప్పి, వాపు వచ్చినచో అది మెలిపడియుండవచ్చును. ఆఱు గంటలలోగా వైద్యుని చేరినచో తఱచుగా దక్కును, తెల్లవాఱనిమ్మని కూర్చున్నచో చచ్చును. ఒకటి పోయినను రెండవది ఆరోగ్యముగా నున్నచో బాలుడు అన్నివిధముల పురుషుడే యగును. రెండును పోయిన బాలునకు సైతము తగిన ప్రాయమున వైద్యుడు టెస్టోస్టెరోన్ ఇచ్చినచో గొంతు, కండ, మీసము, ఎముక బలము సకాలమున వచ్చును. సంతానమొక్కటియే ఆ మందు వలన రాదు. 'నలుగురికి తెలిసిన నవ్వుదురు' అని తల్లిదండ్రులు దాచిన పిల్లవానికి ఈ మేలు అందదు. అతని యెదుగుదలను ఆపినది వ్యాధి మాత్రమే కాదు. ఆ మాట గూడ ఆపినది.

కావున మా సూచన ఇది. చేసిన హింసను వృషణహరణమని, నేరమని పేరు పెట్టి చెప్పుడు. వ్యాధిని వ్యాధి పేరుతోనే వైద్యునకు చెప్పుడు. హిజ్రా యని, ట్రాన్స్‌జెండరని తమ్ము తాము చెప్పుకొనువారిని వారు చెప్పిన పేరుతోనే పిలువుడు. సంతానము లేనివానిని ఏ పేరుతోను పిలువనక్కఱలేదు. పిఱికివానిని పిఱికివాడనుడు, దానికి తెలుగున మంచి మాట యున్నది. నపుంసకమను మాటను వ్యాకరణమునకు విడిచిపెట్టుడు. దొడ్డిలోని పశువునకు నాలుగు పేర్లు పెట్టిన భాష, ఇంటిలోని మనుష్యుని విషయమున ఇంతమాత్రము వివేకము చూపుట కష్టము కాదు.