ముగ్గు నేర్పే స్టాక్

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. విజయనగర కాలంలోనూ, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల ఏలుబడిలోనూ దక్షిణానికి వెళ్లిన రైతులు, సైనికులు, నేతగాళ్లు, వర్తకుల వారసులు వీళ్లు. తెలుగు అక్షరం ఎన్నో ఇళ్లలో నిలవలేదు. అక్షరంతో పనిలేకుండా నోటి మాటతో, చేతి కదలికతో తల్లి నుంచి కూతురికి అందిన విద్య మాత్రం నిలిచింది. ధనుర్మాసంలో ఏ వాకిలి చూసినా కనబడే ముగ్గు అది. పక్కింటి తమిళుల కోలంతో కలిసి ఒకే వీధిలో పెరిగిన విద్య.

దీన్ని అలంకారంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. "ఐదు చుక్కలు, సందు చుక్క, మూడు వచ్చేవరకు" అంటే చాలు, ముగ్గు తెలిసిన మనిషి బొమ్మ చూడకుండానే చుక్కలు పెట్టేస్తుంది. నడుమ వరుసలో ఐదు, దానికి అటూ ఇటూ సందుల్లో నాలుగేసి, ఆపైన మూడేసి. మొత్తం 19. ఆ చిన్న వాక్యంలో బొమ్మ లేదు, బొమ్మకు దారితీసే విధానం ఉంది. కంప్యూటర్ శాస్త్రం ప్రోగ్రామ్ అనేది దీన్నే.

ఈ సంగతిని పండితులు ఎప్పుడో గుర్తించారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరొమనీ, రాణీ సిరొమనీ, వారితో కలిసి కమలా కృతివాసన్ 1974లో కోలాలకు వ్యాకరణం రాసి చూపించారు. అంతకుముందు 1968లో అరిస్టిడ్ లిండెన్‌మయర్ మొక్కల పెరుగుదలను వర్ణించడానికి కొన్ని గుర్తుల నియమాలు కనిపెట్టాడు. 1980ల్లో ప్రుషింకీవిచ్ ఆ నియమాలతోనే కంప్యూటర్ తెరమీద కోలాలు కూడా గీశాడు. కొమ్మలు చీలే బొమ్మల కోసం ఆ పద్ధతిలో రెండు బ్రాకెట్లు ఉంటాయి. ఒకటి ఉన్న చోటును దాస్తుంది, రెండోది అక్కడికి తిరిగి తెస్తుంది. దాచినవాటిని ఒకదానిపై ఒకటి పేర్చి పైనుంచే తీసే స్టాక్ అవసరం పుట్టేది అక్కడే.

ఒకే గీతతో సాగే మెలికల ముగ్గుకు స్టాక్ అక్కర్లేదు. చెయ్యి ఎత్తకుండా చుక్కలన్నీ చుట్టి గీత మొదలైన చోటికే చేరుతుంది. ఇప్పుడెక్కడున్నాం, ఎటు చూస్తున్నాం అన్నది తెలిస్తే సరిపోతుంది. చెయ్యెత్తి, వెనక వదిలిన చుక్క దగ్గరికి మళ్లీ వచ్చి గీయాల్సిన ముగ్గు సంగతి వేరు. వదిలిన చోటు గుర్తుండాలి. ఒకటి కాదు, ఒకదాని లోపల ఒకటిగా ఎన్నో చోట్లు గుర్తుండాలి. చివర దాచినదే ముందు బయటికి రావాలి. స్టాక్ నియమం ఇంతే.

ఆ 19 చుక్కల మీద ఒక నక్షత్రం వేద్దాం. పైథాన్‌లోని టర్టిల్ లాంటి గీసే తాబేలుకు ఐదు ఆజ్ఞలు చాలు. "ము" అంటే ఒక చుక్క దూరం ముందుకు గీత. "+" అంటే ఎడమకు 60 డిగ్రీలు తిరుగు, "−" అంటే కుడికి. "[" అంటే ఉన్న చోటునూ, చూస్తున్న దిక్కునూ స్టాక్‌లో దాచు (పుష్). "]" అంటే పైనున్నది తీసి, గీత పడకుండా అక్కడికి చేరు (పాప్). నడిచుక్క దగ్గర నిలబెట్టి ఈ వరుసను ఆరుసార్లు నడపాలి:

[ము[+ము][−ము]ము]+

మొదటి బ్రాకెట్ నడిచుక్కను దాస్తుంది. ఒక అడుగు ముందుకు వెళ్లాక రెండో బ్రాకెట్ ఆ చుక్కను దాస్తుంది. ఎడమ కొమ్మ గీసి వెనక్కి, కుడి కొమ్మ గీసి వెనక్కి, తర్వాత కొస దాకా గీత, చివరికి నడిచుక్క. ఆరు రెక్కలూ పూర్తయ్యేసరికి 24 గీతలు, 18 పుష్‌లు, 18 పాప్‌లు. ఏ క్షణంలోనూ స్టాక్ లోతు రెండు దాటదు. పక్కపక్క రెక్కల కొమ్మలు ఒకే చుక్క దగ్గర కలుస్తాయి, 19 చుక్కల్లో ఒక్కటీ ఖాళీగా మిగలదు.

ఇక ఆబ్జెక్ట్ పద్ధతిలో స్టాక్ కట్టడం. జావాలో ఒక క్లాస్ రాసి, లోపల ఒక ఆరేను, పైకొస ఎక్కడుందో చెప్పే సంఖ్యను ప్రైవేట్‌గా ఉంచాలి. బయటివాళ్లకు పుష్, పాప్, పైనున్నదాన్ని తీయకుండా చూపే పీక్, ఖాళీయా అని అడిగే మెథడ్, ఈ నాలుగే. ఆరే నిండితే రెట్టింపు పెద్దది తీసుకుని పాతవన్నీ అందులోకి మార్చాలి. అప్పుడప్పుడూ పడే ఆ ఖర్చును పుష్‌లన్నిటికీ పంచితే ఒక్కోదానికీ తగిలేది స్వల్పం. పాప్ చేసిన గడిని నల్‌గా మార్చాలి, లేకపోతే అక్కర తీరిన ఆబ్జెక్ట్ మెమరీని పట్టుకుని కూర్చుంటుంది. ఖాళీ స్టాక్ మీద పాప్ పిలిస్తే ఎక్సెప్షన్ రావాలి, ఎందుకంటే ముగ్గు వరుసలో ఒక "]" ఎక్కువైందని చెప్పేది అదే. గీయడం అయ్యాక స్టాక్‌లో ఏదైనా మిగిలితే ఒక "[" మూతపడలేదని అర్థం.

కొత్తవాళ్లు అందరికన్నా ఎక్కువగా జారిపడేది మరోచోట. తాబేలు స్థితిని ఒక ఆబ్జెక్ట్‌గా రాసి, దాన్నే స్టాక్‌లోకి తోసేస్తారు. జావాలో అలా చేరేది స్థితి నకలు కాదు, ఆ ఆబ్జెక్ట్‌ను చూపించే రిఫరెన్స్. తాబేలు కదిలితే దాచినదీ కదిలిపోతుంది. పాప్ చేసినా తాబేలు ఉన్నచోటే ఉంటుంది, నక్షత్రం బదులు వంకర టింకర గొలుసు పడుతుంది. మందు తేలిక: స్థితిని మార్చడానికి వీల్లేని ఆబ్జెక్ట్‌గా కట్టాలి. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డ్ ఇందుకు బాగా పనికొస్తుంది. ప్రతి కదలికకూ కొత్త స్థితి పుడుతుంది, దాచినది దాచినట్టే ఉంటుంది.

ఎన్ని పనులు చేయనిస్తుందన్నదాన్ని బట్టి స్టాక్ విలువ కట్టకూడదు, ఏవి చేయనివ్వదో అదే దాని బలం. జావా తొలినాళ్ల స్టాక్ క్లాస్‌ను వెక్టర్ అనే జాబితా క్లాస్ నుంచి వారసత్వంగా తీసుకున్నారు. దాంతో అడుగునా, నడుమనా కూడా వస్తువులు చొప్పించే తలుపులు తెరుచుకున్నాయి. 2006లో జావా 6తో వచ్చిన ఆరేడెక్ లాంటిదాన్ని లోపల దాచుకుని, బయటికి ఆ నాలుగు మెథడ్‌లే చూపించే క్లాస్ రాసుకోవడం మేలు. నడుమ ఎవరూ వేలు పెట్టలేరన్న హామీ ఉంటేనే 18వ పాప్ తర్వాత తాబేలు సరిగ్గా నడిచుక్కకు చేరుతుందని రుజువు చేయగలం.

తెలుగు మూలాలున్న పీఎస్‌జీ కుటుంబం 1926లో ధర్మసంస్థ పెట్టింది, 1951లో దాని ఇంజినీరింగ్ కాలేజీ కోయంబత్తూరులో మొదలైంది. యంత్రవిద్యకు అంత పేరున్న ఊళ్లో, తెలుగింటి అమ్మాయి స్టాక్ పాఠాన్ని తనది కాని ఉదాహరణతో నేర్చుకోవాల్సిన పనిలేదు. సందు చుక్క లెక్క, రెక్క వేసి నడిచుక్కకు మళ్లడం ఆమె చేతికి ముందే తెలుసు. పాఠం చెప్పేవాళ్లు ఆ తెలివిని విద్యగా గుర్తించి మొదటి రోజు తరగతిలోనే 19 చుక్కలు పెట్టించాలి. అప్పుడు ఆమె స్టాక్‌తోపాటు అమ్మమ్మ చేతిలోని శాస్త్రాన్ని కూడా పేరుపెట్టి చెప్పగలదు, తర్వాతి తరానికి రాసి ఇవ్వగలదు.