ప్రేక్షకుడికి వేషం లేదు

కార్నివాల్ అనే మాట వినగానే మనలో చాలామందికి రియోలో ఈకల కిరీటాలో, న్యూ ఆర్లియన్స్ వీధుల్లో విసిరే పూసల దండలో గుర్తొస్తాయి. మన సంఘాల పిక్నిక్కుల్లో గాలిబుడగలు పగలగొట్టే ఆటలకి కూడా ఆ పేరే పెట్టేశాం. ట్రినిడాడ్ వాళ్ళ దగ్గర మాత్రం ఈ మాటని ఇంత తేలిగ్గా వాడితే ఊరుకోరు. వాళ్ళకి అది విభూతి బుధవారానికి ముందు వచ్చే సోమ, మంగళవారాల పండగ మాత్రమే కాదు. రెండు వందల ఏళ్ళ కొట్లాట కూడా.

ఆ కొట్లాటని కథగా చదవాలనుకునే తెలుగువాళ్ళకి నేను చెప్పే పుస్తకం ఒకటుంది. ఎర్ల్ లవ్‌లేస్ 1979లో అచ్చువేసిన 'ద డ్రాగన్ కాంట్ డాన్స్' నవల. అందులో మనవాడొకడు ఉన్నాడు. అతని గురించి మనం మాట్లాడుకోవలసింది చాలా ఉందని నాకనిపిస్తుంది.

ముందు నేపథ్యం కాస్త చెప్పుకోవాలి. ట్రినిడాడ్‌లో ఫ్రెంచి తోటల దొరలు లెంట్ ఉపవాసాలకి ముందు మారువేషాలతో విందులు చేసుకునేవారు. 1834లో బానిసత్వ నిర్మూలన చట్టం అమల్లోకి వచ్చింది. 1838 నాటికి బానిసలు పూర్తిగా విముక్తులయ్యారు. ఆ పండగని వాళ్ళు వీధిలోకి లాక్కొచ్చారు. చెరుకుతోట తగలబడినప్పుడు తమని అర్ధరాత్రి అదిలించి తోలుకెళ్ళిన రోజుల్ని కాగడాలతో, కర్రసాముతో, డప్పులతో మళ్ళీ ఆడి చూపించారు. దాని పేరు కాంబులే, అంటే కాలిన చెరుకు. దొరసానుల నడకనీ గౌన్లనీ వెక్కిరించే డేమ్ లొరేన్ వేషం కట్టారు. 1881లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పోలీసులకీ కాంబులే జనానికీ పెద్ద కొట్లాట జరిగింది. 1884లో డప్పుల మీద ఆంక్షలు వచ్చాయి. చర్మవాద్యం వద్దంటే వెదురు బొంగులు నేలకేసి కొట్టారు. 1930ల చివరికి బిస్కెట్ డబ్బాలూ పెయింటు డబ్బాలూ వాయించారు. ఆ తరవాత నూనె పీపాల మూతల్ని సుత్తితో సాగదీసి స్వరాలు పలికించారు. స్టీల్‌పాన్ పుట్టిన తీరు అది.

అదే 1884 అక్టోబరులో శాన్ ఫెర్నాండోలో ఇంకో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. అది మన కూలీల ఊరేగింపు. వాళ్ళు హోసే అనే ఆ పండగ నిజానికి మొహర్రమే. తెలంగాణలో పీర్ల పండగని హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకున్నట్టే, అక్కడ తాజియాల వెనక హిందూ కూలీలు నడిచారు, నల్లవాళ్ళూ డప్పు కొట్టారు. పాలకులకి భయం వేసిందీ అందుకేనేమో! అంటే ఒకే ఏడాదిలో ఇద్దరి డప్పు మీదా ఒకే సర్కారు చెయ్యి పడింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎందుకు చూసుకోలేకపోయారన్నదే లవ్‌లేస్ నవలలో నాకు కనబడే అసలు ప్రశ్న.

ఇప్పుడు కథలోకొద్దాం. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కాల్వరీ హిల్ అనే పేదవాడ. ఆల్డ్రిక్ అనే యువకుడు ఏడాదంతా ఏ పనీ పెట్టుకోకుండా గడిపి, కార్నివాల్ దగ్గర పడగానే డ్రాగన్ వేషం కుట్టుకోవడం మొదలుపెడతాడు. ఒక్కొక్క పొలుసూ చేత్తో కుడతాడు. ఒక్కో పొలుసులో వాళ్ళ తాతల కథ ఒకటి ఉంటుంది. రెండు రోజులు పట్నం వీధుల్లో గొలుసులతో బుసలు కొడుతూ ఆడతాడు. బుధవారం పొద్దున్నే మళ్ళీ ఎవరికీ కాని మనిషైపోతాడు. ఏళ్ళ తరబడి ఇదే తిరగలి. బయటనించి కంపెనీలు స్పాన్సర్లుగా వచ్చి స్టీల్ బ్యాండ్ల జెండాల మీద తమ పేర్లు రాయించుకుంటుంటే, రెండు రోజుల కోపం ఎవరికీ అక్కర్లేని అలంకారంగా మారిపోతుంది. అప్పుడతనికి డ్రాగన్ చాలదని తెలిసొస్తుంది. పోలీసు జీపు ఎత్తుకెళ్ళి తిరుగుబాటు ఆడిన స్నేహితులతో కలిసి ఆరేళ్ళు జైల్లో ఉంటాడు. అది కూడా ఇంకో వేషమే అయిందని జైల్లోనే గ్రహిస్తాడు.

ఇదంతా చదువుతుంటే చిత్తూరు జిల్లా వాడినైన నాకు తిరుపతి గంగమ్మ జాతర గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? మే నెలలో వారం రోజులు అక్కడ మగవాళ్ళు రోజుకో వేషం కడతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. బండ వేషం వాడు ఎంత పెద్దవాణ్ణయినా బూతులు తిట్టచ్చు, ఎవరూ కోపగించుకోకూడదు. స్థలపురాణం ఏమిటంటే, కనబడ్డ ఆడవాళ్ళనల్లా చెరిచే పాళెగాడు ఒకడు గంగమ్మకి భయపడి దాక్కున్నాడు. ఆమె వేషం మీద వేషం మార్చుకుంటూ వాడి కోసం ఊరంతా వెతికింది. ఏ వేషానికీ బయటికి రాని వాడు దొర వేషం చూసి, ఎవరో గొప్పవాడొచ్చాడనుకుని వచ్చి దొరికిపోయాడు. డేమ్ లొరేన్ చేసే పనీ ఇంచుమించు ఇదే. అధికారాన్ని పట్టుకోవాలంటే అధికారం వేషమే కట్టాలి. ఇద్దరికీ ఈ తెలివి ఎవరూ నేర్పలేదు. పైనుంచి బరువు పడినచోటల్లా అది దానంతటదే పుడుతుంది.

కథలు చెప్పడంలోనూ ఇంత దగ్గరితనం కనబడుతుంది. కార్నివాల్‌లో మిడ్‌నైట్ రాబర్ అని ఒక వేషముంది. గొడుగంత టోపీ పెట్టుకుని, తుపాకీ చూపించి, దారిన పోయేవాణ్ణి ఆపి, తను పుట్టినప్పుడు సూర్యచంద్రులు ఎలా వణికారో గుక్క తిప్పుకోకుండా చెప్పి, డబ్బులు పుచ్చుకుని గానీ వదలడు. మన పిట్టలదొర తెలియనివాళ్ళు తెలంగాణలో ఉండరు. ఖాకీ నిక్కరు, టోపీ, కట్టె తుపాకీ, లక్షల ఎకరాల కోతలు, చివర్లో చెయ్యి చాపడం. తుపాకి రాముడంటే నవ్వుకుంటాం గానీ, ఆ కోతల వెనక సెంటు భూమి లేదన్న సంగతి అందరికీ తెలుసు. కరీబియన్ పల్లెల్లో కథ చెప్పేవాడు మధ్యలో 'క్రిక్' అంటే వినేవాళ్ళు 'క్రాక్' అనాలి. అనకపోతే కథ ఆగిపోతుంది. మన ఇళ్ళలో 'ఊ' కొట్టకపోతే అమ్మమ్మ కథ ఆపేసి, నిద్రపోయావా అని అడగదూ? బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడు ఏం చేస్తాడు? కథ అనేది చెప్పేవాడి సొత్తు కాదనీ, బదులు పలికే గొంతు కూడా అందులో భాగమనీ వాళ్ళకీ మనకీ తెలుసు.

అందుకే పరియాగ్ కథ నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

పరియాగ్ ఆ వాడలోనే కాపురముండే భారతీయుడు. పల్లెలో తమవాళ్ళ మధ్య ఊపిరాడక, పెద్ద ప్రపంచంలో కలుద్దామని భార్య డాలీతో పట్నం వచ్చాడు. ఖాళీ సీసాలు కొన్నాడు, వేరుశనగలూ శనగలూ అమ్మాడు. వాడలో అందరూ ఎదురుపడుతూనే ఉంటారు గానీ ఎవరికీ అతను కనబడడు. పైసా పైసా కూడబెట్టి కొత్త సైకిలు కొన్నాడు, అదైనా చూస్తారని. చూశారు. ఎవరో దాన్ని విరగ్గొట్టారు. విరిగిన సైకిలుని శవాన్ని మోసినట్టు వాడ మధ్యనుంచి తీసుకెళ్తుంటే, అప్పుడు మొదటిసారి వాళ్ళకి పరియాగ్ అనే మనిషి కనబడ్డాడు.

లవ్‌లేస్ అధ్యాయాలకి పెట్టిన పేర్లు చూడండి. క్లియోథిల్డా మేళానికి రాణి, సిల్వియా రాకుమారి, ఆల్డ్రిక్ డ్రాగన్, ఫిష్‌ఐ రౌడీ. అందరికీ ఒక్కో వేషం. పరియాగ్ అధ్యాయం పేరు 'ప్రేక్షకుడు'. నవల చివరికొచ్చేసరికి అతనికి సొంత దుకాణం ఉంటుంది, అధ్యాయం పేరు 'దుకాణదారు' అవుతుంది. అంటే ఆర్థికంగా ఎదిగాడు, వేషం మాత్రం దక్కలేదు. ఈ ఒక్క ఏర్పాటులో లవ్‌లేస్ చెప్పిన సంగతి చాలా వ్యాసాలు చెప్పలేవు. ఇర్వింగ్‌లో వేలీ రాంచ్ నుంచి మెకార్థర్ బొలెవార్డ్ దాకా ఇళ్ళూ దుకాణాలూ కొనుక్కున్న మనం ఈ రెండు అధ్యాయాల పేర్లూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదువుకుంటే మంచిది.

జైలునుంచి వచ్చిన ఆల్డ్రిక్ ఆ దుకాణం ముందు నిలబడి, లోపలికి రాకుండానే వెళ్ళిపోతాడు. లోపలినుంచి పరియాగ్ చూస్తాడు, పిలవడు. ఆ రాత్రి పరియాగ్ భార్యతో మాట్లాడుతూ, తను సైకిలుతో కాకుండా ఒక వేణువో సితారో పట్టుకుని స్టీల్ బ్యాండ్ మధ్యలోకి నడిచి వెళ్ళి ఉండాల్సిందని అనుకుంటాడు. వాళ్ళలా మారిపోనక్కర్లేదు, తన వాద్యంతో తను వెళ్తే చూసేవాళ్ళు అని. నాకు తెలిసినంతలో ప్రవాసం గురించి ఇంత సూటైన వాక్యాలు తక్కువ.

ఇంత గొప్ప నవలలోనూ ఒక ఖాళీ ఉంది. పరియాగ్‌కి సితారు ఇచ్చిన రచయిత, అతను వింటూ పెరిగిన పాట ఏమిటో చెప్పలేదు. చెరుకుతోటల పక్కన పుట్టిన పల్లె కుర్రాడి చేతికి సితారు ఎక్కణ్ణించి వస్తుంది? అతని చేతికి రావలసింది తాషా. అవును, మన పెళ్ళి ఊరేగింపుల్లో మోగే తాషాయే. హోసేలోనూ పెళ్ళిళ్ళలోనూ వాళ్ళు దాన్ని టాస్సా అంటారు. సితారు బయటివాళ్ళు ఊహించుకునే ఇండియా. డాలీకైతే సితారు కూడా లేదు. భర్త మాటలు వినడమే ఆమె పని. ప్రేక్షకుడికే ప్రేక్షకురాలు! పరియాగ్ ఒంటరితనాన్ని అంత లోతుగా పట్టుకున్న లవ్‌లేస్, అతని ఇంటి లోపలికి మాత్రం గుమ్మం దాకానే వెళ్ళాడు.

ఆ ఖాళీని పూరించింది సాహిత్యం కాదు, పాట. సుందర్ పోపో చట్నీ పాటకి దారి వేశాడు. 1987, 88 ప్రాంతాల్లో ద్రౌపతీ రామ్‌గూనై అనే ఆవిడ సోకా పాటలోకి చట్నీ బాణీనీ తాషా దరువునీ తీసుకొచ్చింది. ఆడది, అందులోనూ భారతీయురాలు, కార్నివాల్ వేదిక ఎక్కడమేమిటని అక్కడి మన పెద్దలు కొందరు మండిపడ్డారు. పరియాగ్ చెయ్యలేకపోయిన పని ఒక డాలీ చేసింది. పరియాగ్‌ని ఆపింది నల్లవాళ్ళ వాడ ఒక్కటే కాదని కూడా ఆ గొడవే చెబుతుంది.

ఇందులో తెలుగువాళ్ళెక్కడ అంటారా? 1845 నుంచి 1917 దాకా ట్రినిడాడ్‌కి దాదాపు 1,44,000 మంది కూలీలు వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొద్దిమంది మద్రాసు నుంచి. మద్రాసు ఓడ దిగినవాళ్ళు తమిళులైనా తెలుగువాళ్ళయినా అక్కడ అందరూ 'మద్రాసీ'లే. మారిషస్ చేరినవాళ్ళకి కోరంగివాళ్ళన్న పేరైనా మిగిలింది, తెలుగు సంఘాలు నిలిచాయి, 1990లో ప్రపంచ తెలుగు మహాసభ కూడా అక్కడ జరిగింది. కరీబియన్‌లో భాషా పోయింది, పేరూ పోయింది. గయానాలో మద్రాసీల అమ్మవారి పూజల్లో ఇప్పటికీ 'తప్పు' మోగుతుంది. మన డప్పే, ఒక అక్షరం అటూ ఇటూ.

ఇక మన కథల సంగతి. అమెరికా తెలుగు కథల్లో సెలవులకి ఇండియా వెళ్ళడం, ఫోన్లో తండ్రి చావు కబురు, లేఆఫ్, అమ్మాయి పెళ్ళి బాగా రాశాం. ఇవన్నీ నిజమైన బాధలే, కాదనను. కానీ ఆ కథల్లో మన అపార్ట్‌మెంటు పచ్చిక కత్తిరించే మెక్సికన్‌కి పేరుండదు. పక్కింటి నల్లాయన హలో అని తలుపేసుకుంటాడు. వాళ్ళకి మనం పరియాగ్‌లమైతే, మన కథల్లో వాళ్ళూ పరియాగ్‌లే. ప్రేక్షకులు కూడా కారు, ఫర్నిచర్.

మా పాత క్లయింటు ఆఫీసులో ఒక ట్రినిడాడ్ ఆయన పనిచేసేవాడు. మీ ఊళ్ళో మాస్ ఆడతారా అని నన్నడిగాడొకసారి. మాస్ అంటే వాళ్ళ భాషలో వేషం. గంగమ్మ గురించీ దొర వేషం గురించీ చెప్పాను. ఆయన మధ్యమధ్యలో 'క్రాక్' అంటూనే ఉన్నాడు. తెలుగు రాని మనిషి నా కథకి ఊ కొట్టడం అదే మొదలు. మన సాహిత్య సభల్లో ఊ కొట్టేవాళ్ళకి కొదవలేదు. అయితే ఆ ఊ మన హాలు తలుపులు దాటి ఎప్పుడైనా వినబడిందా?

డెరెక్ వాల్కాట్ 1992లో నోబెల్ ఉపన్యాసాన్ని ట్రినిడాడ్‌లోని ఫెలిసిటీ అనే పల్లెలో రామలీలతో మొదలుపెట్టాడు. ఆ ఆటని తను మొదట పోగొట్టుకున్నవాళ్ళ దుఃఖంగా చూశాననీ, ఆడే పిల్లలకి అది విశ్వాసమూ సంబరమూ అనీ చెప్పుకున్నాడు. స్టాక్‌హోమ్ వేదిక మీద, నల్లవాళ్ళ రక్తం ఉన్న ఒక కవి, మన రాముడి కథకి ఊ కొట్టాడు. మనలో ఎవరైనా ఒకరు ఒక డ్రాగన్‌కి అలా ఊ కొట్టే కథ రాసినప్పుడు, అమెరికా తెలుగు కథ దుకాణం అరుగు దిగి వీధిలోకి వచ్చిందని నేను నమ్ముతాను. చేతిలో సితారే ఉండక్కర్లేదు. డప్పు చాలు.